మేనరికం, గోత్రం, జన్యువులు: తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏం వస్తుంది, ఎలా వస్తుంది

అమెరికాలోనైనా, బ్రిటన్‌లోనైనా గర్భిణి మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లగానే చేతికి ఓ పెద్ద ఫారం ఇస్తారు. అందులో తప్పకుండా ఉండే ప్రశ్నలు రెండు. మీకూ మీ భర్తకూ రక్తసంబంధం ఉందా? మీ రెండు కుటుంబాల్లో పుట్టుకతో వచ్చిన జబ్బులున్నవారు ఎవరైనా ఉన్నారా? మేనబావను చేసుకున్నామంటే ఏమనుకుంటారోనన్న బెరుకుతో మొదటిదానికి ‘లేదు’ అని రాసేవాళ్లున్నారు. ఇంట్లో ఎవరూ చెప్పక, తెలియక రెండోదానికి ‘లేదు’ అని రాసేవాళ్లు ఇంకా ఎక్కువ.

ఆ ఫారం మంచిచెడ్డలు ఎంచడానికి కాదు. ఏ పరీక్షలు చేయాలో, ఎంత తొందరగా చేయాలో ఆ జవాబులను బట్టి నిర్ణయిస్తారు. ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో అర్థం కావాలంటే జన్యువుల గురించి నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి.

జన్యువు అంటే ఏమిటి?

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి. ఇవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వచ్చినవే. క్రోమోజోము అంటే చుట్టలు చుట్టుకున్న పొడవాటి డీఎన్ఏ దారం. ఆ దారం మీద ఒక ప్రొటీన్ ఎలా తయారు కావాలో చెప్పే భాగమే జన్యువు. మనిషిలో ఇలాంటి జన్యువులు సుమారు 20 వేలున్నాయి.

క్రోమోజోములు జతలుగా ఉంటాయి కాబట్టి దాదాపు ప్రతి జన్యువూ మన దగ్గర రెండు కాపీలు ఉంటుంది. పిల్లలకు మాత్రం మనం ఒక్క కాపీనే ఇస్తాం. రెండింటిలో ఏది వెళ్తుందన్నది నాణెం ఎగరేసినట్టే. ఒకే తల్లిదండ్రుల బిడ్డలు ఒకరినొకరు పోలి ఉండడానికీ, అచ్చంగా ఒకేలా ఉండకపోవడానికీ కారణం ఇదే.

బఠానీ మొక్కలు చెప్పిన లెక్క

ఈ లెక్కను మొదట పట్టుకున్నది గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని బ్రనో పట్టణంలో మఠం తోటలో 1856 నుంచి ఏళ్ల తరబడి బఠానీ మొక్కలు పెంచి, 1866లో ఫలితాలు ప్రచురించాడు. ఊదా పూల మొక్కను తెల్ల పూల మొక్కతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ ఊదా పూలే వచ్చాయి. వాటి విత్తనాలు నాటితే రెండో తరంలో 705 మొక్కలకు ఊదా పూలు, 224 మొక్కలకు తెల్ల పూలు పూశాయి. అంటే దాదాపు మూడుకు ఒకటి.

తెలుపు మొదటి తరంలో మాయమైపోలేదు, దాగి ఉంది. ఒక్క కాపీ ఉన్నా పైకి కనిపించే లక్షణాన్ని బహిర్గత లక్షణమనీ, రెండు కాపీలూ ఉంటేనే కనిపించేదాన్ని అంతర్గత లక్షణమనీ మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వ్యాసంలో మిగతా విషయమంతా ఈ ‘దాగి ఉండడం’ చుట్టూనే తిరుగుతుంది.

బ్లడ్ గ్రూపుతో చూద్దాం

ఏ, బీ గ్రూపు జన్యువులు రెండూ బహిర్గతాలు. ఓ అంతర్గతం. నాన్నది ఏ గ్రూపు, అమ్మది బీ గ్రూపు అనుకుందాం. ఇద్దరి దగ్గరా రెండో కాపీగా ఓ దాగి ఉంటే పిల్లలు ఏ, బీ, ఏబీ, ఓ నాలుగింటిలో ఏ గ్రూపుతోనైనా పుట్టవచ్చు. ‘ఇంట్లో ఎవరికీ లేని ఓ గ్రూపు వీడికెలా వచ్చింది?’ అన్న అనుమానానికి తావే లేదు.

అరుదైన మినహాయింపు కూడా మన దేశంలోనే బయటపడింది. 1952లో బొంబాయిలో గుర్తించిన బాంబే గ్రూపు వారు మామూలు పరీక్షలో ఓ గ్రూపులా కనిపిస్తారు. వారి దగ్గర ఏ లేదా బీ జన్యువు ఉన్నా అది పైకి కనిపించదు. అందుకే పైకి ఓ గ్రూపుగా కనిపించే దంపతులకు ఏ గ్రూపు బిడ్డ పుట్టవచ్చు. బాంబే గ్రూపు వారికి మామూలు ఓ రక్తం కూడా ఎక్కించకూడదు, బాంబే గ్రూపు రక్తమే కావాలి. మీ బంధువుల్లో ఇలాంటి వారుంటే మీరు ఏ దేశంలో ఉన్నా ఆ సంగతి అక్కడి ఆసుపత్రిలో నమోదు చేయించండి.

ఆడపిల్లా, మగపిల్లాడా?

ఇరవై మూడో జత క్రోమోజోములు ఆడవారిలో రెండూ ఎక్స్, మగవారిలో ఒకటి ఎక్స్, ఒకటి వై. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. వరుసగా ఆడపిల్లలు పుట్టారని కోడలిని తప్పు పట్టడానికి సైన్సులో ఎలాంటి ఆధారమూ లేదు. కొడుకునూ అనడానికి లేదు, ఏది వెళ్లాలో అతని చేతిలోనూ లేదు.

క్యారియర్ అంటే రోగి కాదు

బీటా తలసీమియాను తీసుకోండి. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన జన్యువులో లోపం వల్ల వచ్చే జబ్బు ఇది. ఒక కాపీ మాత్రమే పాడైనవారు క్యారియర్లు. వారు మామూలుగానే జీవిస్తారు, కాస్త రక్తహీనత కనిపిస్తుందంతే. భారతీయుల్లో నూటికి ముగ్గురు నలుగురు ఇలాంటి క్యారియర్లని అంచనా. రెండు కాపీలూ పాడైన బిడ్డకు మాత్రం రెండేళ్లు నిండేలోపే తీవ్ర రక్తహీనత బయటపడుతుంది. ఎముక మజ్జ మార్పిడి జరగకపోతే కొన్ని వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించుకోవాలి.

భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి 25, క్యారియర్‌గా పుట్టే అవకాశం 50, ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం 25. ఇక్కడ చాలామంది పొరపడతారు. నాలుగింట ఒకటి అంటే మొదటి బిడ్డకు జబ్బు వస్తే తర్వాత ముగ్గురికి రాదని కాదు. నాణెం ప్రతిసారీ కొత్తగా ఎగురుతుంది. ఒకరే క్యారియర్ అయితే పిల్లలకు జబ్బు రాదు, మహా అయితే వాళ్లూ క్యారియర్లవుతారు.

మామూలు రక్తపరీక్షలో ఎర్ర కణాల పరిమాణం చూపే ఎంసీవీ 80 కంటే తక్కువ వచ్చి, ఐరన్ మాత్రలు ఎంతకాలం వాడినా మారకపోతే తలసీమియా క్యారియరేమో అడగాలి. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 సుమారు 3.5 శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అని అర్థం. ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ అంకె తగ్గి కనిపించవచ్చు కాబట్టి రిపోర్టును డాక్టరే చూడాలి.

ఇదే కోవలోది సికిల్ సెల్. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి వంకర తిరుగుతాయి. క్యారియర్లకు మలేరియా తీవ్రం కాకుండా కొంత రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఈ మార్పు నిలిచిపోయింది. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉంది. భారత ప్రభుత్వం 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఒకరు సికిల్ సెల్ క్యారియర్, మరొకరు తలసీమియా క్యారియర్ అయినా బిడ్డకు తీవ్రమైన జబ్బు రావచ్చు. అందుకే పరీక్ష ఇద్దరికీ చేయాలి.

మేనరికం లెక్క

మేనరికం కొత్త జబ్బును పుట్టించదు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండే అవకాశాన్ని పెంచుతుంది. ఒక ముసలావిడ దగ్గర ఏదో జన్యువు ఒక కాపీ పాడై ఉందనుకుందాం. ఆమె కూతురి కొడుకుకు అది చేరే అవకాశం నాలుగింట ఒకటి. కొడుకు కూతురికి చేరే అవకాశమూ నాలుగింట ఒకటే. ఈ బావామరదళ్లు పెళ్లి చేసుకుంటే ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం 16లో ఒకటి. వారి బిడ్డకు రెండు కాపీలూ పాడైనవే వచ్చే అవకాశం 64లో ఒకటి.

ఆమె కొడుకు తన అక్క కూతురినే చేసుకుంటే దూరం ఒక మెట్టు తగ్గుతుంది. అప్పుడు అవకాశం 32లో ఒకటి. ఇక ఆ మనవడు బయటి సంబంధం చేసుకున్నాడనుకోండి. నూటికి ఒకరిలో ఉండే లోపమైతే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 1,600లో ఒకటి. 64కూ 1,600కూ తేడా 25 రెట్లు. అరుదైన జబ్బుకైతే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

అలాగని భయపడిపోనక్కర్లేదు. ఏ దంపతులకైనా తీవ్రమైన పుట్టుక లోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్ల విషయంలో ఇది సుమారు నాలుగు నుంచి ఆరు. మేనమామ, మేనకోడళ్ల విషయంలో ఇంకాస్త ఎక్కువ. అంటే మేనరికం చేసుకున్నవారిలో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. కానీ కుటుంబంలో ఇప్పటికే పుట్టు చెవుడు, కారణం తెలియని పసిపిల్లల మరణాలు, ఎదుగుదల ఆగిపోయిన పిల్లలు ఉంటే ఆ సగటు లెక్క మీకు వర్తించదు. జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ దాదాపు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్యే జరుగుతోంది కాబట్టి ఇది ఒకరిద్దరి సమస్య కాదు.

ఒక ఊరట కూడా ఉంది. తాతలు, తల్లిదండ్రులు వరుసగా మేనరికాలు చేసుకున్నా, మీరు చేసుకునే వ్యక్తి మీకు బంధువు కాకపోతే ఆ పాత మేనరికాల వల్ల పెరిగిన ముప్పు మీ పిల్లలకు చాలావరకు పోతుంది.

గోత్రం వేరైతే సరిపోతుందా?

‘గోత్రాలు వేరు కదా, ఇంకేం భయం?’ అన్నది తరచూ వినిపించే మాట. గోత్రం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, వై క్రోమోజోము లాగే. సగోత్రం కూడదన్న నియమం తండ్రి వైపు దాయాదులను మాత్రమే పక్కన పెడుతుంది. మేనమామ గోత్రం ఎలాగూ వేరు. అందుకే మేనరికానికి గోత్రం అడ్డు రాదు. మిగతా క్రోమోజోములకు గోత్రంతో పని లేదు, అవి అమ్మ వైపు నుంచీ సగం వస్తాయి.

దూరపు సంబంధం కూడా ఒకే కులంలో అయితే పూర్తిగా ‘దూరం’ కాకపోవచ్చు. ఒక సమూహం చాలా తరాల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, లోపలే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే ఆ కొద్దిమందిలో ఉన్న అరుదైన లోపాలు కూడా అందరిలోకి వ్యాపిస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఈ ప్రభావం చాలా బలంగా కనిపించింది. అందులో పది లక్షలకు మించి జనాభా ఉన్నవి 14. జనం ఎక్కువగా ఉంటే చాలు, ముప్పు ఉండదన్న నమ్మకం సరికాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

తెలుగువారికి బాగా దగ్గరి ఉదాహరణ వైశ్యుల్లో కనిపించే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ ఎంజైమ్ లోపం. ఇతరులతో పోలిస్తే వీరిలో ఇది సుమారు వంద రెట్లు ఎక్కువ. రోజువారీ జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. ఈ ఎంజైమ్ లేనివారిలో దాని ప్రభావం గంటల తరబడి ఉండి, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు వాడతారు. ఇతర దేశాల డాక్టర్లకు ఈ సంగతి తట్టకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత తెలివి రావడం, ఊపిరి అందడం ఆలస్యమైందని విని ఉంటే తప్పకుండా చెప్పండి.

ఇది ఏ ఒక్క కులానికో అంటగట్టే మాట కాదు. పరిశీలించిన సమూహాల్లో దాదాపు మూడో వంతు పరిస్థితి ఇదే. పరీక్షించి చూశారు కాబట్టి వైశ్యుల సంగతి తెలిసింది.

ఒక్క కాపీ చాలు అన్న జబ్బులు

కొన్ని జబ్బులకు ఒక్క కాపీ పాడైతే చాలు. పుట్టుకతో వచ్చే అధిక కొలెస్ట్రాల్ అలాంటిది. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఎల్‌డీఎల్ 190 దాటి ఉన్నా, తండ్రికో బాబాయికో 55 ఏళ్ల లోపే గుండెపోటు వచ్చినా పిల్లలకు కూడా కొలెస్ట్రాల్ పరీక్ష చేయించడం మంచిది. మందులతో అదుపు చేయగల జబ్బు ఇది. ఎంత ముందు తెలిస్తే అంత లాభం.

తల్లి నుంచి కొడుకులకు

ఎక్స్ క్రోమోజోము మీద ఉన్న లోపం తీరు వేరు. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి దాన్ని కప్పిపుచ్చే రెండో కాపీ ఉండదు. వర్ణాంధత్వం, హీమోఫీలియా, జీ6పీడీ లోపం ఈ కోవలోవి. తల్లి క్యారియర్ అయితే కొడుకుల్లో సగం మందికి వచ్చే అవకాశం ఉంటుంది. తండ్రికి ఉంటే అది కొడుకులకు వెళ్లదు, కూతుళ్లందరూ క్యారియర్లవుతారు.

జీ6పీడీ లోపమున్నవారికి ప్రైమాక్విన్, డాప్సోన్ వంటి మందులు, బట్టల్లో వేసే నాఫ్తలీన్ కలరా ఉండలు, ఫావా బీన్స్ పడవు. ఎర్ర కణాలు ఒక్కసారిగా పగిలి మూత్రం నల్లగా వస్తుంది. గల్ఫ్‌లో పొద్దున్నే తినే ఫూల్ ఈ ఫావా గింజలతో చేసేదే. అక్కడ క్యాంపుల్లో, ఫ్లాట్లలో ఉండే మన కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మలేషియాలో పుట్టిన పిల్లలకు బొడ్డుతాడు రక్తంతోనే ఈ పరీక్ష చేస్తారు.

షుగర్, ఎత్తు, తెలివి సంగతి?

ఎత్తు, ఒంటి రంగు, షుగర్, బీపీ వంటివి ఒక్క జన్యువుతో తేలేవి కావు. వందల జన్యువులు తలా కాస్త పనిచేస్తాయి. తిండి, నిద్ర, నడక కూడా వాటితో కలుస్తాయి. తల్లిదండ్రులిద్దరికీ షుగర్ ఉంటే పిల్లలకు ముప్పు ఎక్కువే, కానీ అది రాసిపెట్టిన తలరాత కాదు. బరువు అదుపులో ఉంచుకుంటే చాలామందిలో షుగర్ రాకుండా ఆపవచ్చు, లేదా ఏళ్ల తరబడి వాయిదా వేయవచ్చు.

ఏ పరీక్ష, ఎప్పుడు?

పెళ్లికి ముందో, గర్భానికి ముందో క్యారియర్ పరీక్ష చేయించుకోవడం అన్నిటికంటే మేలు. ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. ఇద్దరూ క్యారియర్లని తేలితే దారులు మూసుకుపోవు. గర్భం వచ్చాక 11 నుంచి 14 వారాల మధ్య మాయ నుంచి, 15 వారాల తర్వాత ఉమ్మనీటి నుంచి నమూనా తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడవచ్చు. ఐవీఎఫ్‌లో పిండాన్ని ముందే పరీక్షించే పద్ధతీ ఉంది. ఇండియాలో ఈ పరీక్షలు చేయించుకుంటే 1994 చట్టం ప్రకారం ఆడా మగా అన్నది చెప్పరు.

బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ గర్భిణులకు తలసీమియా పరీక్ష ఉచితంగా చేస్తుంది. పది వారాల్లోపే అడగడం మంచిది. అమెరికాలో అన్ని రాష్ట్రాలూ పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి సికిల్ సెల్‌తో సహా అనేక జబ్బులకు పరీక్షిస్తాయి. ఆ రిపోర్టులో ‘ట్రెయిట్’ అని ఉంటే బిడ్డ క్యారియర్ అని అర్థం. దాన్ని పారేయకుండా దాచి, బిడ్డ పెద్దయ్యాక చెప్పండి. సౌదీ అరేబియా తన పౌరులకు 2004 నుంచి పెళ్లికి ముందే సికిల్ సెల్, తలసీమియా పరీక్షలు తప్పనిసరి చేసింది.

ఇంట్లోనే ఉమ్మి నమూనా పంపి చేయించుకునే కిట్లతో జాగ్రత్త. అవి కొన్ని మార్పులనే వెతుకుతాయి. వాటిలో చాలావరకు యూరప్ మూలాలున్నవారిలో కనిపించేవి. ‘ఏమీ లేదు’ అని వస్తే మీకు ఏ లోపమూ లేదని కాదు. అమెరికాలో 2008 నాటి జీనా చట్టం జన్యు పరీక్ష ఫలితాలను ఆరోగ్య బీమా, ఉద్యోగాల విషయంలో మీకు వ్యతిరేకంగా వాడకుండా కాపాడుతుంది. జీవిత బీమాకు ఆ చట్టం వర్తించదు. కాబట్టి పాలసీ విషయం ముందే ఆలోచించుకోండి.

ఇంట్లో పెద్దలను అడగాల్సినవి

పరీక్షలకంటే ముందు చేయగలిగిన పని, పైసా ఖర్చు లేనిది, మూడు తరాల కుటుంబ చరిత్ర రాసుకోవడం. ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మనో, పెదనాన్ననో ఇవి అడగండి:

– మన ఇంట్లో ఎవరెవరికి మేనరికాలు జరిగాయి? వరుస ఏమిటి?
– పసిబిడ్డలుగా పోయినవాళ్లు ఉన్నారా? గర్భాలు పదేపదే పోయినవాళ్లు?
– పుట్టు చెవుడు, చూపు లోపం, నడవలేకపోవడం, ఎదుగుదల లేకపోవడం ఎవరికైనా ఉన్నాయా?
– తరచూ రక్తం ఎక్కించుకున్నవాళ్లున్నారా?
– చిన్న వయసులో గుండెపోటు, క్యాన్సర్ ఎవరికి వచ్చాయి? ఏ వయసులో?
– మత్తు ఇచ్చాక ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?

పెద్దలు వెంటనే చెప్పకపోవచ్చు. పిల్లల పెళ్లిళ్లకు అడ్డమవుతుందని దాచిన సంగతులు చాలా ఇళ్లలో ఉంటాయి. తప్పు వెతకడానికి కాదు, పుట్టబోయే బిడ్డ కోసమని చెప్పి అడిగితే చాలామంది చెబుతారు. ప్రతి మనిషిలోనూ పాడైన జన్యువులు కొన్ని దాగే ఉంటాయి, అవి లేని వంశమంటూ లేదు. తెలుసుకున్నవి ఒక కాగితం మీద తేదీ వేసి రాసి, మీ ఫ్యామిలీ డాక్టర్‌కు ఒక కాపీ ఇవ్వండి. రెండోది అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పంపండి. వాళ్లలోనూ అవే జన్యువులు సగం ఉన్నాయి.